వైమేయా తీరపు కాపరి

హవాయీ దీవుల్లో రాజధాని హోనలూలూ ఉన్న దీవి పేరు ఓవాహు. ఆ ఊరి అంచున పావోవా లోయలో చైనావాళ్ల శ్మశానం ఒకటుంది. 1959లో మావీ దీవి నుంచి ఐకావ్‌ల కుటుంబం అక్కడికి వలస వచ్చింది. శ్మశానానికి కాపలా ఉండాలి, సమాధుల మధ్య మొలిచే గడ్డి కొయ్యాలి. అందుకు ప్రతిగా ఆ ఆవరణలోనే అద్దె లేకుండా ఉండొచ్చు. తండ్రి సాలమన్, తల్లి హెన్రియెటా, ఆరుగురు పిల్లలు. వాళ్లలో మూడోవాడు ఎడ్డీ. అప్పటికి పదమూడేళ్లు.

శ్మశానంలో ఎలా ఉన్నార్రా బాబూ అని మనకనిపిస్తుంది. వాళ్లకు అదే ఇల్లు. బంధువులూ స్నేహితులూ వచ్చేవారు, గిటార్లు మోగేవి, విందులు జరిగేవి. ఐకావ్‌ల ఇంటి విందంటే ఆ తర్వాత ఊళ్లో చాలామంది ఎదురుచూసేవారట.

ఎడ్డీకి చదువు అబ్బలేదు. పదహారేళ్లకు బడి మానేశాడు. అనాసపండ్లను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పనికి కుదిరి, ఆ జీతంలోంచి కూడబెట్టి సర్ఫ్‌బోర్డు కొనుక్కున్నాడు. వేకువనే లేచి అలల మీదికి, అటునుంచి ఫ్యాక్టరీకి.

అలల మీద నిలబడి రావడం హవాయీవాళ్లకు కొత్తగా వచ్చిన సరదా కాదు. 1778లో కెప్టెన్ కుక్ ఓడలు అక్కడికి చేరేనాటికే ఆడా మగా, పిల్లా పెద్దా అందరూ ఆడే ఆట అది. దొరలకు పదహారు పద్దెనిమిది అడుగుల పొడవున్న ‘ఓలో’ పలకలు, సామాన్యులకు పల్చటి ‘అలైయా’, పిల్లలు పొట్ట ఆనించి పడుకుని వచ్చేందుకు చిన్న ‘పైపో’. పలక చెయ్యడానికి చెట్టు కొట్టే ముందు పూజ చేసేవారు. తర్వాత బయటి నుంచి వచ్చిన జబ్బులు దీవుల జనాభాను ఊడ్చేశాయి. 1820 నుంచి వచ్చిన మిషనరీలకు ఒంటిమీద సరిగా బట్టల్లేకుండా ఆడామగా కలిసి ఆడే ఈ ఆట నచ్చలేదు. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి అలల మీద పలకలు దాదాపు మాయమయ్యాయి.

మళ్లీ ప్రాణం పోసినవాళ్లలో ఇద్దరి పేర్లు చెప్పుకోవాలి. జార్జ్ ఫ్రీత్ 1907లో కాలిఫోర్నియా వెళ్లి అక్కడివాళ్లకు సర్ఫింగ్ చూపించాడు. మరుసటి ఏడు డిసెంబరులో తుపానులో చిక్కిన జపాన్ జాలరులను కాపాడి బంగారు పతకం అందుకున్నాడు. రెండోవాడు డ్యూక్ కహానమోకు. 1912 స్టాక్‌హోమ్, 1920 ఆంట్వర్ప్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఈతలో స్వర్ణాలు గెలిచిన మనిషి. 1925 జూన్‌లో కాలిఫోర్నియాలో న్యూపోర్ట్ దగ్గర ‘థెల్మా’ అనే పడవ పెద్ద అలలకు తిరగబడింది. ఒడ్డునున్న డ్యూక్ తన బోర్డు మీద మళ్లీ మళ్లీ వెళ్లి ఎనిమిదిమందిని లాక్కొచ్చాడు. బతికింది మొత్తం పన్నెండుమంది. అమెరికా తీరాల్లో లైఫ్‌గార్డులు సర్ఫ్‌బోర్డును పనిముట్టుగా వాడటం మొదలుపెట్టడానికి ఆనాటి సంఘటన ఒక కారణం.

అంటే సర్ఫింగ్‌ను ప్రపంచానికి మోసుకెళ్లిన ఇద్దరూ మునిగిపోయేవాళ్లను లాగినవాళ్లే. టీవీలో, సెల్‌ఫోన్‌లో అలల మీద చక్కర్లు కొట్టేవాళ్లను చూసి మా పిల్లలకూ నేర్పించాలని ముచ్చటపడే తల్లిదండ్రులు ఈ సంగతి ఎక్కడా విని ఉండరు. శ్మశానంలో పెరిగిన కుర్రాడి కథ ఇక్కడ చెప్పుకోవడం అందుకే.

ఓవాహు ఉత్తర తీరంలో వైమేయా అనే చిన్న అఖాతం ఉంది. వేసవిలో అక్కడ అలే ఉండదు, పసిపిల్లలు ఈదుతారు. చలికాలం వచ్చిందా, అది వేరే సముద్రం. ఉత్తరాన అల్యూషన్ దీవుల దగ్గర తుపాను రేగుతుంది. ఆ గాలి రేపిన అలలు వేల కిలోమీటర్లు ఏ అడ్డూ లేకుండా నడిచొచ్చి వైమేయా ముంగిట్లో తలెత్తుతాయి. ఇక్కడ పిల్లలకు ఒకటి చెప్పాలి. అల వచ్చిందంటే అక్కడి నీరు ఇక్కడికి వచ్చిందని కాదు. తడిచీరను ఒక కొస పట్టుకుని విదిలిస్తే మడత రెండో కొసదాకా పరుగెత్తుతుంది, చీర మాత్రం చేతిలోనే ఉంటుంది. నడిసముద్రంలో నీరు ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. ప్రయాణం చేసేది తుపాను ఇచ్చిన శక్తి. అడుగున నేల తగిలి, లోతు అల ఎత్తుకు ఒకటింబావు రెట్లకు తగ్గేసరికి అల పాదం ఆగిపోతుంది, తల ముందుకు పడుతుంది. అలా విరిగే ముందు ఆ వాలు మీద జారడమే సర్ఫింగ్. విరిగాక కింద ఉంటే మాత్రం ఆట కాదు. ఘనపు మీటరు నీరు టన్ను బరువు.

1943 డిసెంబరులో డికీ క్రాస్ అనే పదిహేడేళ్ల కుర్రాడు ఇంకో సర్ఫర్ వుడీ బ్రౌన్‌తో కలిసి పక్క తీరంలో ఆడుతుండగా అలలు ఒక్కసారిగా పెరిగాయి. ఒడ్డెక్కే దారి లేక ఇద్దరూ చేతులతో నీళ్లు తోసుకుంటూ వైమేయా వైపు వచ్చారు. బ్రౌన్‌ను అలలు ఒడ్డున పడేశాయి. క్రాస్ జాడ లేదు. ఆ తర్వాత 1957 దాకా వైమేయా పెద్ద అలల మీదికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పదేళ్ల తర్వాత, 1967 నవంబరు 19న, అలాంటి అలల్లోకి ఎడ్డీ ఐకావ్ మొదటిసారి దిగాడు. ఇరవయ్యొక్కేళ్లు. అక్కడ పేరుమోసిన వాళ్లకు ఈ కుర్రాడెవరో తెలియదు. పెద్ద అలలకు వాడే పొడవాటి బోర్డును ‘గన్’ అంటారు. దానిమీద కాళ్లు ఎడంగా పెట్టి, నిటారుగా దిగే నీటిగోడ మీద నవ్వుతూ వస్తున్న ఆ మనిషిని ఆ రోజు చూసినవాళ్లు మళ్లీ మర్చిపోలేదు.

మరుసటి ఏడు హోనలూలూ నగరపాలన ఉత్తర తీరానికి లైఫ్‌గార్డులను పెట్టాలని నిశ్చయించి, మొట్టమొదటి విడతలోనే ఎడ్డీని తీసుకుంది. అలలు చూసే కన్ను ఉందికదా అని. ఇప్పటిలా జెట్‌స్కీలు లేవు. పాదాలకు తొడిగే రబ్బరు రెక్కలు, ఒక బోర్డు, అంతే. కాలికీ బోర్డుకూ కట్టే తాడు, దాన్నే లీష్ అంటారు, ఇంకా వాడుకలోకి రాలేదు. బోర్డు చేజారితే ఈదుకుంటూ పోవాల్సిందే.

వైమేయాలో ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఒక దారి చేసుకుంటుంది. ఇసుక మీద నిలబడ్డవాడికి అది తెలియదు. అలలు తక్కువగా ఉన్నట్టు, అక్కడే నెమ్మదిగా ఉన్నట్టు కనపడుతుంది. సెలవులకు వచ్చి అందులో అడుగుపెట్టినవాళ్లు నిమిషంలో లోపలికి పోతారు. భయంతో ఒడ్డువైపే కొట్టుకుంటారు, అలసిపోతారు, మునుగుతారు. ఎడ్డీ నీళ్లలోకి దిగేది ఆ క్షణంలో. మునిగేవాడు చేతికందిందల్లా పట్టుకుంటాడు. కాపాడటానికి వచ్చిన మనిషి మెడ దొరికితే మెడే. అందుకే ముందు బోర్డు అందిస్తారు. అది పట్టుకుని ఊపిరి తీసుకునేదాకా ఊరడించి, అలకూ అలకూ మధ్య సందు చూసి బయటికి తెస్తారు. అలల వరుస ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలిసినవాడికే ఆ సందు కనపడుతుంది. పెద్ద అలల మీద జారడం నేర్పిన విద్య అక్కడ అక్కరకొచ్చింది.

అయిదువందలమందికి పైగా కాపాడాడని హవాయీలో చెప్పుకుంటారు. లెక్క సంగతి అలా ఉంచినా, ఎడ్డీ కాపలాలో వైమేయాలో ఒక్క ప్రాణమూ పోలేదన్నది ఆ తీరంలో అందరూ ఒప్పుకునే మాట. 1971లో అక్కడి ఉత్తమ లైఫ్‌గార్డు అతనే.

అదే రోజుల్లో ఒక పోటీకి దక్షిణాఫ్రికా పిలిస్తే డర్బన్ వెళ్లాడు. అప్పట్లో అక్కడ బీచ్‌లకు కూడా జాతులుండేవి. తెల్లవాళ్లకొకటి, మిగతావాళ్లకు వేరేవి. చెరకు తోటల కూలీలుగా అక్కడికి చేరిన మన తెలుగువాళ్ల పిల్లలకు, మనవలకు కూడా ఆ గీతే. ఎడ్డీ ఒంటి రంగు చూసి హోటల్లో గది ఇవ్వలేదు. షాన్ టామ్సన్ అనే సర్ఫర్ కుటుంబం తమ ఇంట్లో పెట్టుకుంది. తన పూర్వుల ఆటను తన ఒంటి రంగు కారణంగా ఆడనివ్వని చోటు లోకంలో ఉందని అక్కడే తెలిసింది అతనికి.

ఇంకో తగవు ఇంటిదగ్గరే వచ్చింది. 1976 ప్రాంతంలో ఆస్ట్రేలియా కుర్రాళ్లు ఉత్తర తీరానికి వచ్చి పోటీలన్నీ ఊడ్చుకుపోయారు. అంతటితో ఆగక తమ గొప్పలు పత్రికల్లో రాసుకున్నారు. సర్ఫర్లకు రాయని కట్టుబాట్లు కొన్నున్నాయి. అల విరగడం మొదలయ్యే చోటికి ఎవరు దగ్గరగా ఉంటే ఆ అల వాళ్లది. మధ్యలో దూరకూడదు. కొత్త తీరానికి వెళ్తే ఒదిగి ఉండాలి, అక్కడివాళ్లకు ముందు దారి ఇవ్వాలి. గొప్పలు చెప్పుకున్నవాళ్లలో ఒకడైన రాబిట్ బార్తలమ్యూ మళ్లీ వచ్చినప్పుడు నీళ్లలోనే కొట్టారు. చంపేస్తామన్న బెదిరింపులు వచ్చాయి. అప్పుడు ఎడ్డీ కుటుంబం కలగజేసుకుంది. రెండు పక్షాలనూ ఒక హోటల్లో కూర్చోబెట్టి, హవాయీవాళ్ల పాతకాలపు పద్ధతిలో, మనసులో ఉన్నదంతా అందరి ముందూ చెప్పించి రాజీ కుదిర్చింది. మన రచ్చబండ పెద్దలకు ఆ పద్ధతి కొత్తగా అనిపించదు.

1977లో డ్యూక్ పేరిట జరిగే పోటీ గెలిచాడు ఎడ్డీ. ఎన్నో ఏళ్లుగా కోరుకున్న గెలుపు. కానీ అప్పటికే అతని మనసు ఒక పడవ మీద ఉంది.

ఆ పడవ పేరు హోకులేయా. మనం స్వాతి అనే నక్షత్రానికి హవాయీ పేరు అది. హవాయీ దీవుల నడినెత్తి మీదుగా వెళ్తుంది. అది తలమీదికి వచ్చిందంటే ఇంటి అక్షాంశానికి చేరినట్టే అని పూర్వం నావికుల గుర్తు. (విశాఖలో చూసినా అది దాదాపు నడినెత్తినే పోతుంది.) రెండు దోనెలు పక్కపక్కన కట్టి తెరచాప ఎత్తిన అరవై రెండడుగుల పడవను పూర్వుల నమూనాలో 1975లో నీళ్లలోకి దించారు. మరుసటి ఏడు, సతవాల్ అనే చిన్న దీవికి చెందిన మావు పియైలుగ్ దిక్సూచి లేకుండా, చుక్కలూ అలల పోకడా చూసి దాన్ని తహితి దాకా నడిపించాడు. హవాయీ పూర్వులు దారితప్పి దీవులకు కొట్టుకొచ్చినవాళ్లు కారు, దారి తెలిసి వచ్చినవాళ్లని అప్పుడు లోకం ఒప్పుకుంది. రెండో ప్రయాణానికి ఎంపికైనవాళ్లలో ఎడ్డీ ఒకడు. తన సర్ఫ్‌బోర్డు కూడా వెంట తీసుకున్నాడు.

1978 మార్చి 16 సాయంత్రం. హోనలూలూ రేవు. వీడ్కోలు చెప్పడానికి జనం వచ్చారు, పత్రికలవాళ్లు వచ్చారు. గాలి ఉధృతంగా ఉంది, చిన్న పడవలకు హెచ్చరిక ఉంది. ఇంత జనం ముందు ప్రయాణం వాయిదా వెయ్యడం తేలిక కాదు. పక్కన తోడుపడవ కూడా లేకుండా పదహారుమందితో హోకులేయా కదిలింది.

చీకటి పడ్డాక ఓవాహుకూ మొలొకై దీవికీ మధ్య జలసంధిలో కుడిదోనెలోకి నీరు చేరడం మొదలైంది. పడవ ఒకపక్కకు ఒరిగింది. బరువు మార్చారు, నీళ్లు తోడారు, లాభం లేకపోయింది. దాదాపు అర్ధరాత్రి పడవ తిరగబడింది.

పదహారుమందీ బోర్లాపడ్డ దోనెలను పట్టుకుని వేలాడారు. మీద నుంచి అలలు కొడుతున్నాయి. మార్చి నెల గాలికి తడిసిన ఒళ్లు వణుకుతోంది. వెలుతురు గుళ్లు కాల్చారు, ఎవరికీ కనపడలేదు. తెల్లవారింది. పైన విమానాలు పోతున్నాయి, కింద చూసేవాళ్లు లేరు. గాలి పడవను విమానాలూ ఓడలూ తిరిగే దారి నుంచి దూరంగా నెట్టుకుపోతోంది. కొందరు నీరసించిపోయారు.

బోర్డు మీద లనై దీవికి వెళ్లి సాయం తెస్తానన్నాడు ఎడ్డీ. కెప్టెన్ డేవ్ లైమన్ వద్దన్నాడు. మళ్లీ అడిగాడు. ఆ దీవి పన్నెండు మైళ్లకు తక్కువ దూరంలో లేదు, ఆ గాలిలో. ఇంకెవరైనా అయితే అడగనే అడగరు. ఎడ్డీ కాబట్టి అడిగాడు, ఎడ్డీ కాబట్టి చివరికి సరేనన్నారు. నడుముకు లైఫ్‌జాకెట్ కట్టారు. కాసిని నారింజపళ్లు, మిణుకుమిణుకుమనే దీపం ఒకటి ఇచ్చారు. పడవలో ఉన్న కుర్ర నావికుడు నైనోవా థామ్సన్ వెళ్లబోయే ముందు అతని చెయ్యి పట్టుకున్నానని తర్వాత చెప్పాడు. కొంతదూరం పోయాక లైఫ్‌జాకెట్ చేతుల కదలికకు అడ్డం వస్తోందో ఏమో, దాన్ని విప్పి పారెయ్యడం వెనకనున్నవాళ్లకు కనపడింది. ఒక అల ఎత్తుకు కనపడ్డాడు, ఇంకో అల వెనక్కి పోయాడు.

ఆ రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో హవాయియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి నీళ్లమీది నుంచి లేచిన వెలుతురు గుళ్లను చూసింది. కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లు వచ్చాయి. పడవను పట్టుకుని ఉన్న పదిహేనుమందీ బతికారు. ఎడ్డీ లనైకి చేరలేదని అప్పుడే తెలిసింది. రోజుల తరబడి గాలించారు. అతనూ దొరకలేదు, బోర్డూ దొరకలేదు. వయసు ముప్పై ఒకటి.

ఈ కథ పిల్లలకు చెప్పేవాళ్లు ఒక ముక్క దాచిపెడుతుంటారు. తిరగబడ్డ పడవను వదలకూడదన్నది సముద్రం మీద మొదటి సూత్రం. పడవను పట్టుకున్నవాళ్లు బతికారు, వదిలి వెళ్లినవాడు పోయాడు. ఎడ్డీకి ఆ సూత్రం మనకంటే బాగా తెలుసు. తెలిసే వెళ్లాడు. అతను చేసింది తెలివైన పనా అని పిల్లలు అడిగితే కాదనే చెప్పాలి. గొప్ప పనా అని అడిగితే అవుననీ చెప్పాలి. రెండూ నిజమే. అసలు ఆ సాయంత్రం రేవు దాటడమే తప్పని పెద్దలు ఒప్పుకున్నారు. 1980లో ఇదే హోకులేయాను నైనోవా థామ్సన్ తహితికి నడిపించినప్పుడు వెంట తోడుపడవ ఉంది. ఆ ఏర్పాటు ఎడ్డీ ప్రాణం ఖరీదు.

‘ఎడ్డీ అయితే వెళ్తాడు’ అన్న మాట హవాయీలో కార్ల వెనక స్టిక్కర్ల మీద, చొక్కాల మీద కనపడుతుంది. దాన్ని దూకుడు కింద లెక్కగట్టేవాళ్లే ఎక్కువ. అలల కోసం వెళ్లినవాళ్లు ఆ తీరంలో వందలమంది ఉన్నారు. మనిషి కోసం వెళ్లినవాడు కాబట్టే అతని పేరు నిలిచింది.

1980ల నుంచి అతని పేరిట ఒక పోటీ పెట్టారు. ఒక్క షరతు. వైమేయాలో అలలు హవాయీ కొలతలో ఇరవై అడుగులు దాటాలి. ఎదురుగా నిలబడి చూస్తే దాదాపు నలభై అడుగులన్నమాట. లేదంటే పోటీ లేదు. అందుకే ఇన్నేళ్లలో డజనుసార్లు కూడా జరగలేదు. వైమేయాలో మొదటిసారి జరిగినప్పుడు గెలిచింది ఎడ్డీ తమ్ముడు క్లైడ్. ఏడేళ్ల ఎదురుచూపు తర్వాత 2023 జనవరి 22న అలలు లేచాయి. ఆడవాళ్లు కూడా పోటీపడటం అదే మొదలు. లోకంలోని మేటి సర్ఫర్లెందరో వచ్చారు. ఆ రోజు వైమేయాలో డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు ల్యూక్ షెపర్డ్‌సన్. ఆహ్వానితుల్లో అతని పేరూ ఉంది. సెలవు పెట్టలేదు. పని మధ్యలో దొరికిన విరామాల్లో నీళ్లలోకి దిగి, అల అందుకుని, మళ్లీ కాపలా చోటికి వెళ్లాడు. గెలిచింది అతనే.

మనకూ ఇలాంటివాళ్లు కొత్త కాదు. పూరీలో జగన్నాథుడి దర్శనానికి వెళ్లినవాళ్లకు సముద్రస్నానం చేయించే నులియాలు గుర్తుండే ఉంటారు. కోసుగా ఉన్న టోపీ పెట్టుకుని, చెయ్యి పట్టుకుని అల దాటించేవాళ్లు. వాళ్లు మన తీరం నుంచి అక్కడికి వెళ్లి స్థిరపడ్డ తెలుగు జాలరులు. తెప్ప మీద కెరటం దాటి లోపలికి పోయి, అదే కెరటం మీద వెనక్కి వచ్చే విద్య వాళ్ల ఇళ్లల్లో పుట్టింది. దానికి పోటీలూ పతకాలూ ఉన్నట్టు వినలేదు.

పిల్లలకు సర్ఫింగ్ నేర్పించాలని ఉంటే నేర్పించండి. 2021లో టోక్యోలో అది ఒలింపిక్ ఆట కూడా అయింది. అయితే బోర్డు కొనే ముందు ఈత నేర్పండి. నీళ్లలోకి దిగే ముందు కాసేపు ఒడ్డునే కూర్చోబెట్టి, అలలు ఎక్కడ విరుగుతున్నాయో, ఎక్కడ విరగకుండా నీరు లోపలికి పోతోందో చూడటం నేర్పండి. లోపలికి లాగితే ఒడ్డుకు ఎదురీదకుండా, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలని చెప్పండి. రుషికొండకో ఆర్కే బీచ్‌కో వెళ్లినప్పుడు లైఫ్‌గార్డు కనపడితే ఎక్కడ దిగవచ్చో ముందు అతన్నే అడగండి. అతను ఈల ఊదితే ఎందుకని అడగకుండా వెనక్కి వచ్చెయ్యండి.